తిట్టి కొన్న సోలార్ ప్లేట్లు

మా బాపు ఒక సరుకును ఎంత గట్టిగా తిడితే అంత ఎక్కువ బస్తాలు కొంటాడని నాకు చిన్నప్పుడే తెలుసు. వరంగల్ బజారులో మాది బియ్యం కొట్టు. మిల్లు గుమస్తా వచ్చి మచ్చు పొట్లం విప్పి నాలుగు గింజలు అరచేతిలో పోయగానే బాపు పుల్ల మామిడికాయ కొరికినట్టు ముఖం పెట్టేవాడు. అన్నీ నూకలే అనేవాడు. ముక్కిన వాసన అనేవాడు. ఈ బియ్యం అమ్మితే గిరాకీలు కొట్టుకు రారు, నేరుగా దవాఖానకు పోతారనేవాడు. ఆ మాటలు లోపలికి వినబడగానే అమ్మ ఎవరూ చెప్పకుండానే చీపురు తీసుకుని, బస్తాలు దింపడానికి కొట్టు మూల ఊడ్చి పెట్టేది. ఎప్పుడైనా బాపు "బాగున్నయి" అన్నాడంటే గుమస్తా మారు మాట్లాడకుండా పొట్లం మడిచేసేవాడు. కొననివాడికి మెచ్చుకోవడంలో ఖర్చేముంది?

బియ్యం కొట్టు తమ్ముడికి వెళ్లింది. నేను స్టీలు సామాన్ల కొట్టు పెట్టుకున్నాను. బేరమాడే విద్య మాత్రం ఇద్దరికీ సమానంగా వచ్చింది. నాకే పిసరంత ఎక్కువ వచ్చిందని నా నమ్మకం, చాలా ఎక్కువ వచ్చిందని మా ఆవిడ ఫిర్యాదు. నేను కూరగాయలు బేరం చేస్తుంటే ఆమె పక్క బండి దగ్గర నిలబడి నేనెవరో తెలియనట్టు ఉల్లిగడ్డలు ఏరుతుంటుంది. ఒకసారి డాక్టరు నా బీపీ అంకె చెప్పగానే "కొంచెం తగ్గించి చెప్పండి సార్" అన్నానని ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంది. అన్నట్టు నాకు గుర్తు లేదు. కాని అనే ఉంటాను.

ఇలాంటి నన్ను నమ్మి పనిలో దిగిన మనిషి మా మరదలు. అసలు మరదలు కాదు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లెలో సేద్యం చేసే ఇంటి నుంచి వచ్చి, హనుమకొండలోని మా ఇంటి వెనక వాటాలో కిరాయికి ఉంటోంది. మా ఆవిడను అక్కా అంటుంది కాబట్టి నేను బావనయ్యాను. ఒకప్పుడు చీరలకు ఫాల్స్ కుట్టేది. తరువాత ధైర్యం చేసి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ తెచ్చుకుంది. గుడ్డ బిగించి, బొమ్మ ఎంచుకుని బటన్ నొక్కితే సూది దానంతటదే టకటకలాడుతూ నెమళ్లనూ తామరపూలనూ కుట్టేస్తుంది. పెళ్లి బ్లౌజులన్నీ ఆమె గుమ్మం ముందుకే రాసాగాయి.

చిక్కల్లా కరెంటుతోనే. ఎండాకాలం వచ్చిందంటే మా గల్లీ ట్రాన్స్‌ఫార్మర్ మధ్యాహ్నం భోజనం చేసినవాడిలా కునుకు తీస్తుంది. కరెంటు నడుమ పోతే సూది ఆగిపోతుంది. మళ్లీ వచ్చాక మొదలుపెడితే బొమ్మ వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. పట్టు గుడ్డ మీద కుట్టు విప్పితే చిల్లులు కనబడతాయి. ఇంట్లో ఇన్వర్టరు ఉంది గాని దాని బ్యాటరీ ముసలిది, మిషన్‌ను మోయలేక కాసేపటికే దమ్ము విడుస్తుంది. ఆ వేసవి మొదట్లో ఒక పెళ్లికూతురి బ్లౌజు మీద నెమలి సగం తోకతో నిలిచిపోయింది. ఆ పిల్ల తల్లి వచ్చి ఏమీ అనకుండా బ్లౌజు మడిచి తీసుకుపోయింది. అనుంటేనే బాగుండేదట. ముందున్నది పెళ్లిళ్ల నెల. ఈ నెల మిషన్ సాగకపోతే దాన్ని అమ్మేసి మళ్లీ ఫాల్సే కుట్టుకుంటానని ఆమె మా ఆవిడతో చెప్పి, కొంగుతో మిషన్ తుడిచిందట. అమ్మబోయే వస్తువును అంత మెల్లగా ఎవరూ తుడవరు. వ్యాపారం చేసేవాడికి అది చాలు, మనిషికి ఆ వస్తువు ఎంత కావాలో అర్థం కావడానికి.

సరిగ్గా అప్పుడే సుబేదారి వైపున్న ఒక ఫంక్షన్ హాలు మీది పాత సోలార్ ప్లేట్లు తీసేసి పెద్దవి వేస్తున్నారని నా చెవిన పడింది. ఆ హాలుకు గంగాళాలు, గరిటెలు వేసేది నేనే. హాలు యజమానిని అందరూ పటేలా అంటారు. బేరంలో నాకు సరిజోడు. ఒక గంగాళానికి మూత ఉచితంగా ఇవ్వాలా వద్దా అని మేమిద్దరం ఒక ఎండాకాలం మొదలు పెట్టిన చర్చ వానాకాలంలో తేలింది. ప్లేట్లు చవకగా తెచ్చి మా డాబా మీద పెట్టిస్తే మిషన్ పగలంతా ఎండ మీదే నడుస్తుంది కదా అన్నాను. మరదలి ముఖం వెలిగింది. ఆ వెలుగు హాలు దగ్గర కనబడకూడదని చెప్పడం ఆ రోజే మరిచిపోయాను. మా ఇంట్లో అలాంటివి ఎవరూ ఎవరికీ చెప్పరు. ఊడ్చే చీపురుకు కూడా తెలిసేవి.

ప్లేట్లను పరీక్షించడానికి మా అక్క కొడుకును పిలిచాను. ఇళ్ల మీద సోలార్ బిగించడమే వాడి పని. మంచివాడు గాని నోరు మూతపడదు. దారిలో వాడికి పాఠం చెప్పాను. మీటరులో అంకె ఎంత బాగా వచ్చినా పైకి చదవొద్దు, ముఖం దిగాలుగా పెట్టు, నడుమ నడుమ తల అడ్డంగా ఊపు. వాడు ఆటో అద్దంలో చూసుకుంటూ రెండు మూడు సార్లు దిగాలుగా పెట్టి చూశాడు. పంటి నొప్పి వచ్చినవాడిలా ఉన్నాడు. అదే నయం, అలాగే ఉండమన్నాను.

నా లెక్క ప్రకారం పొద్దున్నే వెళ్లాలి. లేత ఎండలో ప్లేట్లు నీరసంగా ఉంటాయి, ధర పడగొట్టొచ్చు. అల్లుడు వినలేదు.

"పొద్దుగాల వాటికి నిద్ర మబ్బు ఉంటది మామ. నీకు ధర తెలుస్తది గని ప్లేటు సంగతి తెల్వది. నడి నెత్తిన ఎండ ఉన్నప్పుడే చూడాలె."

అందుకని మధ్యాహ్నం వెళ్లాం, నేనూ అల్లుడూ మరదలూ. హాలు డాబా మీద కాలు పెడితే చెప్పులు అంటుకుంటున్నాయి. ప్లేట్ల మీద దుమ్ము, పావురాల రెట్ట. నాకు పరమానందమైంది. అమ్మే సరుకు అంతకన్నా అధ్వానంగా కనబడదు. అప్పుడు మా అల్లుడు బకెట్, గుడ్డ అడిగాడు. దుమ్ముతో కొలిస్తే దుమ్ము వయసు తెలుస్తుంది గాని ప్లేటు వయసు తెలియదట, ముందు కడగాలట. కొనేవాడు సరుకును కడిగి మెరిపించడం మా వంశంలో ఎవరూ వినలేదు. పటేలు మాత్రం సంతోషంగా మనిషిని పంపి నీళ్లు తెప్పించాడు. నేను తిట్టబోయే ప్లేట్లను నేనే మోకాళ్ల మీద కూర్చుని, నా భుజం మీది తువ్వాలుతో తుడిచాను. మరదలు నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని చూసింది.

అల్లుడు తనతో ఒక కొత్త ప్లేటు తెచ్చాడు. దాన్ని పాతవాటి పక్కన అదే వాలులో ఆనించి, ముందు కొత్తదాన్ని కొలిచాడు. ఒకే ఎండలో కొత్తది ఎంత ఇస్తుంది, పాతది ఎంత ఇస్తుంది, అంతే పరీక్ష. నాకు బాగా నచ్చింది. తూకం రాయిని ముందు సరి చూసుకున్నట్టుంది. వోల్టేజీ మాత్రమే చూసి మోసపోవద్దని కూడా చెప్పాడు.

"వోల్టేజీ అంటే ముసలాయన గొంతు లెక్క మామ. కాళ్లు పడిపోయినా గొంతు తగ్గది. ఆంపియర్లు చూడాలె. అదే ఆయన నడక."

తరువాత ఒక్కొక్క పాత ప్లేటు తీగలూ మీటరుకు పట్టించాడు. మొదటిది చూడగానే వాడి ముఖం విచ్చుకుంది. నేను వాడికీ పటేలుకూ నడుమ గోడలా నిలబడ్డాను. వాడు నా చెవిలో, కొత్తదానికి కాస్త తక్కువ, అంతే మామ, గట్టి సరుకు అన్నాడు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. వాడు పంటి నొప్పి ముఖం పెట్టాలని ప్రయత్నించాడు గాని ఆ నొప్పి కూడా ఎవరో తీసేసినట్టుంది. చివరి వరుసలో ఒక్క ప్లేటు మాత్రం వెనక తీగలు కలిసే డబ్బా కాలిపోయి ఉంది. మీటరు లేవనే లేదు. మిగతావన్నీ బంగారం.

బంగారం అని తెలిశాక ఇక నోరు విప్పాల్సింది నేనే. విప్పాను. ఆ మధ్యాహ్నం నేను తిట్టిన తిట్లు మా బాపు వినుంటే కొట్టు నా పేరిటే రాసేవాడు. గాజు కింద పసుపు పచ్చగా మారింది కదా, గుట్కా తినేవాడి పళ్లలా ఉన్నాయన్నాను. సన్నటి గీతలు కనబడితే నత్తలు కాపురం చేసి పోయాయన్నాను. కాలిపోయిన డబ్బాను అందరికీ చూపించి, మిగిలినవన్నీ దీని అన్నదమ్ములే, ఇవాళ ఇది పోయింది, రేపు వాటి వంతు అన్నాను. వీటి కింద కోడిని పెడితే గుడ్డు కూడా పొదగదన్నాను. అంత వేడిలో కోడి లేకపోయినా పొదుగుతుందని నాకూ తెలుసు, పటేలుకూ తెలుసు. కాని బేరంలో ఒక ధోరణి వచ్చాక ఆపకూడదు.

పటేలు నవ్వాడు. "సేటూ, నీ నెత్తి కూడ తెల్లబడ్డది. బేరం తక్కువైందా?"

అన్నాడే గాని ధర ఒక మెట్టు దిగాడు. నేను తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మెట్ల వైపు నడిచాను. ఇంకో మెట్టు దిగాడు. చాయ్ తెప్పించాడు. చాయ్ తెప్పించడమంటే బేరం ఇక ఒడ్డుకు వచ్చినట్టు. నేను కప్పు అందుకుని, ఆఖరి తిట్టుగా, వీటిని నమ్ముకుంటే మిషన్ కాదు కదా గడియారం కూడా నడవదన్నాను. అప్పుడు ట్యాంకు నీడ నుంచి మరదలు లేచింది. చాయ్ ముట్టలేదు. కొంగు సర్దుకుంది.

"పోదాం పా బావా," అంది. "ఎందుకిగ. మిషన్ అమ్ముకుంట."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. ఆమె నేను అన్న ప్రతి మాటా విన్నది, ప్రతి మాటా నమ్మింది. ఆమె పెరిగిన చోట పాడు గొడ్డును పాడుదంటారు, మంచి గొడ్డును మంచిదంటారు. నేను కన్ను గీటాను. మళ్లీ గీటాను.

"కంట్ల దుమ్ము పడ్డదా బావా?" అంది ఆదరంగా. పటేలు తన మనిషిని కేకేసి నా కన్ను కడుక్కోవడానికి చెంబెడు నీళ్లు తెప్పించాడు. కడుక్కున్నాను. వేరే దారి లేదు.

ఆమెను పక్కకు పిలిచి మెల్లగా, అంత పాడువేం కావులే అన్నాను. పటేలు కుర్చీ మా వైపు జరుపుకున్నాడు. ఇంకా మెల్లగా, నిజానికి బాగానే ఉన్నాయన్నాను. ఆమె తల ఊపలేదు. మెట్ల వైపే చూస్తోంది. ఆమె ఇప్పుడు దిగిపోతే మిషన్ నిజంగానే అమ్ముకుంటుంది. పెళ్లిళ్ల నెల నెత్తి మీదే ఉంది. ఇక గొంతు దాచుకుని లాభం లేదు. పటేలు వింటుండగానే పైకి చెప్పాను. పసుపు పచ్చదనం ఏమీ చేయదన్నాను. నత్త గీతలు పేరుకే, ఇంకా చాలా ఏళ్లు నడుస్తాయన్నాను. మా అల్లుడు మీటరు పైకెత్తి, ఇంతసేపు నొక్కిపట్టుకున్న అంకెలన్నీ సంతోషంగా వరసగా చదివేశాడు. మా వంశంలో ఎవరూ కొనబోయే సరుకును అంతగా పొగడలేదు.

పటేలు చాయ్ కప్పు కింద పెట్టాడు. "సేటూ, జరసేపటి కింద ఇక్కడ ఒకాయన ఉండె. గడియారం సుత నడవదన్నడు. ఎటు పోయిండు ఆయన?"

నేను జవాబు వెతుక్కునేలోపే మరదలు అడిగింది. ఆమె నవ్వడం లేదు.

"తిట్టినప్పుడు నిజం చెప్పినవా బావా, మెచ్చుకున్నప్పుడు చెప్పినవా? నేను ఏ మాట మీద నా మిషన్ పెట్టాలె?"

అల్లుడు మీటరు చూపించాడు. ఆ మీటరు అంకెలు తనకు తెలియవు, అవి కూడా బావ చెప్పినట్టే చెబుతాయేమో అంది. మీటరుకు అంతకన్నా అవమానం ఉండదు. పావురాలు కడిగిన ప్లేట్ల మీదికి మళ్లీ వచ్చి వాలాయి.

తరువాత ఆమే దారి చూపించింది. మా తమ్ముడి కొట్టులో బియ్యం కొనేటప్పుడు ఆమె ఎవరి మాటా వినదు. గుప్పెడు మచ్చు తీసుకుపోయి, వండి చూసి, మెతుకు నచ్చితేనే బస్తా దింపుకుంటుంది. ఆ పద్ధతే ఇక్కడా అడిగింది.

"పటేలా, మచ్చు ఇయ్యి. సగం ప్లేట్లు ఇంటికి తీస్కపోత. నా మిషన్ నడిస్తే అన్ని కొంట. నడవకపోతే నీ ప్లేట్లు నీకు తెచ్చి అప్పజెప్త."

పటేలు ఆలోచించాడు. హాలు నడిపేవాడికి ఎవరి మాట నిలబడుతుందో మనిషిని చూస్తే తెలుస్తుంది. ఒప్పుకున్నాడు. కాని ఒక షరతు పెట్టాడు. నచ్చితే ఇచ్చే ధర, సేటు తిట్టక ముందు తాను చెప్పిన ధర. నడుమ దిగిన మెట్లన్నీ మళ్లీ ఎక్కేశాడు. ఆమె సరేనంది. నా గుండె మీద ఎవరో గంగాళం బోర్లించినట్టయింది.

మచ్చు ఎవరు ఏరాలన్నది కూడా ఆమే తేల్చింది. బియ్యం మచ్చు బస్తా పైనుంచి తీయకూడదు, అడుగునుంచి తీయాలి. అందుకని అన్నిటికన్నా పచ్చబడ్డవి, నత్త గీతలు ఎక్కువ ఉన్నవి, అంటే నేను అన్నిటికన్నా ఎక్కువ తిట్టినవి ఏరి పక్కన పెట్టించింది. కాలిపోయినదాన్ని మాత్రం వదిలేసింది.

మరునాడు మా డాబా మీద అల్లుడు వాటిని ఇటుకలు ఆనించి నిలబెట్టాడు. తీగలు కిందికి లాగి, ఎండ కరెంటును ఇన్వర్టరుకు సర్దే చిన్న పెట్టె ఒకటి నడుమ బిగించాడు. మధ్యాహ్నం మరదలు పెళ్లి బ్లౌజు తీయలేదు. పాత లంగా గుడ్డ ఒకటి చట్రానికి బిగించింది. ఎంచుకున్న బొమ్మ మాత్రం అదే నెమలి. తరువాత వెళ్లి గల్లీ కరెంటు వచ్చే మెయిన్ స్విచ్ తానే ఆపేసింది. ఫ్యాన్లు ఆగాయి. ట్రాన్స్‌ఫార్మర్ కునుకు దాకా ఆగకుండా ఇప్పుడే చూసుకోవాలట. సూది మొదలైంది.

ముక్కు వచ్చింది. మెడ వచ్చింది. మా ఆవిడ గుమ్మంలో కూర్చుని విసనకర్ర మరిచిపోయింది. నేను డాబాకూ మిషన్‌కూ నడుమ మెట్ల మీద తిరుగుతున్నాను. తోక సగానికి వచ్చినప్పుడు ఒక మబ్బు తునక ఎండకు అడ్డం వచ్చింది. ఇన్వర్టరు కూత పెట్టింది. మరదలు గుడ్డ వైపు చూడలేక గోడ వైపు తిరిగింది. నేను డాబా మీదికి పరుగెత్తి, ఏం చేయాలో తెలియక ప్లేట్లను మళ్లీ తువ్వాలుతో తుడిచాను. నిన్న అన్నవన్నీ బేరం మాటలని, మనసులో పెట్టుకోవద్దని వాటితో పైకే అన్నాను. అల్లుడు విన్నాడు. ఇప్పటికీ చుట్టాల దగ్గర ఆ మాటలు నా గొంతుతో చెప్పి చూపిస్తాడు.

మబ్బు తప్పుకుంది. కూత ఆగింది. కింద టకటక ఆగలేదు. నేను దిగి వచ్చేసరికి తోక చివరి కన్ను కుట్టుకుంటోంది. అది పూర్తయ్యాక మిషన్ దానంతటదే ఆగింది. మరదలు గుడ్డ విప్పి ముందు పక్క చూడలేదు, తిరగేసి వెనక దారాలు చూసింది. ఎక్కడా తెగలేదు, ఎక్కడా పక్కకు జరగలేదు. గుడ్డను కాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మిగతావి తెచ్చుడే," అంది అల్లుడితో. చల్ల గ్లాసు నాకే ముందు ఇచ్చింది.

ఆమె పటేలు దగ్గరికి వెళ్లి తాను చెప్పిన మాట ప్రకారం డబ్బు ఇచ్చేసింది. నేనూ వెంట వెళ్లాను. ఊరికే తిరిగి రావడం అలవాటు లేక, ఆ కాలిపోయిన ప్లేటు ఉచితంగా ఇవ్వాలని పట్టుబట్టాను. పటేలు నవ్వి తీసుకుపొమ్మన్నాడు. మొత్తం బేరంలో నేను సొంతంగా గెలిచింది అదొక్కటే. దాన్ని వెనక వాటా గుమ్మం పక్కన రెండు కర్రల మీద చూరులా నిలబెట్టాం. మధ్యాహ్నం కొట్టు కట్టి వచ్చి దాని కింద కుర్చీ వేసుకుంటాను. పెళ్లిళ్ల నెలంతా గల్లీలో కరెంటు పోవడం మానలేదు. పోయినప్పుడల్లా అందరి ఇళ్లూ నిశ్శబ్దమయ్యేవి, మా వెనక వాటాలో టకటక మాత్రం వినబడేది. లోపలినుంచి మరదలు, నీ ప్లేటు ఇయ్యాల ఎంత నీడ తీసింది బావా అని అడిగేది. బాగానే తీసిందనేవాణ్ని.

మొన్న పక్కింటాయన వచ్చాడు. ఆయనది ఇనుప సామాన్ల కొట్టు. స్కూటర్ ఎండకు మాడిపోతోందట, పైన ఏదైనా అడ్డం కావాలట. నా ప్లేటు చుట్టూ తిరిగాడు. వేలితో కొట్టి చూశాడు. ఇదేం సరుకు, అంచులన్నీ సొట్టలు అన్నాడు. గాలి వస్తే ఎగిరి ఎవరి నెత్తినో పడుతుందన్నాడు. ఉత్తగా ఇచ్చినా మోయడం దండగన్నాడు. నేను దిగాలుగా తల ఊపుతూ విన్నాను.

లోపల సూది ఎవరి పెళ్లి బ్లౌజు మీదో దాని పని అది చేసుకుంటోంది. మరదలు గుమ్మంలోకి వచ్చి నిలబడి ఆయన తిట్లు కాసేపు విన్నది. నా వైపు కూడా చూడకుండా వెళ్లి, ప్లేటు దించడానికి ఎత్తు పీట తెచ్చి దాని కింద వేసింది.